దారంతో చేసిన సైకిలు

అట్టపెట్టె సైజు చూసి మా నాన్న టీవీ అనుకున్నాడు. ‘పాతది బాగానే ఉందిగదా, ఇప్పుడెందుకురా?’ అని విసుక్కున్నాడు కూడా. పెట్టె దించిన కుర్రాడు ఫోన్ మీద సంతకం పెట్టించుకుని ‘సైకిలండీ’ అనేసి వెళ్లిపోయాడు. సైకిలు పెట్టెలో రావడమేంటో ఆయనకు అంతుపట్టలేదు. ఆయనకు తెలిసిన సైకిలు షాపు ముందు వరసలో నిలబడి ఉంటుంది. మనమే వెళ్లాలి, బెల్లు కొట్టి చూడాలి, బేరమాడాలి, తొక్కుకుంటూ ఇంటికి తెచ్చుకోవాలి.

‘ఎంతరా?’

‘ఎనభై రెండు’ అన్నాడు తమ్ముడు.

‘ఎనభై రెండు వందలా! కాస్త ఎక్కువే తీసుకున్నారే.’

తమ్ముడు అవుననలేదు, కాదనలేదు. అది వందలు కాదు వేలని మా నాన్నకు తెలియడానికి నెల పట్టింది. అదెలా తెలిసిందో తర్వాత చెబుతాను.

మార్టూరులో సైకిళ్లకేం కొదవ లేదు. స్పిన్నింగు మిల్లుకు షిఫ్టు డ్యూటీకి వెళ్లేవాళ్లు, గ్రానైటు పాలిషింగు యూనిట్ల కూలీలు, బడికి పోయే ఆడపిల్లలు... తెల్లారితే సైకిలు బెల్లు వినపడుతూనే ఉంటుంది. కానీ వంగిన కొమ్ముల హ్యాండిలు, వేలెడంత టైరు ఉన్న రేసు సైకిలు మాత్రం మా వీధికి అదే మొదటిసారి. మావాడిది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నెలలో సగం రోజులు ఇంటి నుంచే పని. హైదరాబాద్ ఔటర్ రింగురోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు చూడండి, పైన సోలార్ పలకల కప్పుతో... అక్కడ ఓ ఆదివారం స్నేహితుడి కార్బన్ సైకిలు తొక్కాడు. అంతే, పిచ్చి పట్టుకుంది. స్నేహితుడిది మూడు లక్షల పైచిలుకు. మావాడి దగ్గర అంత లేదు. పండగ సేల్‌లో, పప్పుల డబ్బాల నుంచి ఫ్రిజ్‌ల దాకా అన్నీ అమ్మే ఓ వెబ్‌సైట్లో, ‘ఫుల్ కార్బన్’ అన్న మాట కనపడింది. సగం ధర అన్నారు. నొక్కేశాడు.

పెట్టె విప్పాక మా నాన్న ఒంటిచేత్తో ఫ్రేమును పైకెత్తి చూశాడు. వేలితో కొట్టి చూశాడు.

‘ఇది ప్లాస్టిక్కు గదరా!’

నవ్వొచ్చింది గానీ, ఆయనన్నది ముప్పాతిక నిజం. కార్బన్ ఫ్రేమంటే నల్లటి దారాలు, వాటిని పట్టి ఉంచే ఎపాక్సీ జిగురు. ఆ దారంలో ఒక్కో పోగు మందం 5 నుంచి 7 మైక్రాన్లు. మన తలవెంట్రుకలో పదో వంతన్నమాట. చలికాలం స్వెటర్లు అల్లుకునే యాక్రిలిక్ నూలుంది కదా, దాని దగ్గరి చుట్టాన్నే తీసుకుని, గాలి తగలకుండా వెయ్యి డిగ్రీలకు పైగా కాలుస్తారు. మిగతావన్నీ పోయి కార్బన్ మిగులుతుంది. జపాన్‌కు చెందిన టోరే కంపెనీ 1971 నుంచి దీన్ని అమ్మకానికి తయారుచేస్తోంది. అయితే దారాన్ని మాడ్చి పనికి పెట్టడం అంతకు చాలా ముందే జరిగింది. 1879 అక్టోబరులో ఎడిసన్ పదమూడున్నర గంటలపాటు వెలిగించిన బల్బులో ఉన్నది మాడ్చిన నూలుదారమే. మన పత్తిచేలల్లో పండే సరుకే!

ఈ మాట మా ఎదురింటాయనకు బాగా నచ్చింది. ఆయన మిల్లులో పాతికేళ్లు పనిచేశాడు. దారం నిలువునా లాగితే తెగదు, అడ్డంగా నొక్కితే నలిగిపోతుందని ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. కార్బన్ కథంతా అందులోనే ఉంది. బలం ఏ దిక్కున కావాలో ఆ దిక్కుకు దారాల పొరలు పరిచి, అచ్చులో పెట్టి ఉడికిస్తారు. అందుకే ఉక్కు కంటే తేలిక, లాగితే మహా గట్టి. కానీ బిగింపు పట్టీతో చుట్టూ పిసికారనుకోండి... లోపల పొర చిట్లుతుంది. పైకి గీత కూడా కనపడకపోవచ్చు.

ఒకప్పుడు ఈ సరుకు ఆటగాళ్లకే. 1986లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన గ్రెగ్ లెమాండ్ తొక్కింది కార్బన్ గొట్టాల సైకిలు. 1992 బార్సెలోనా ఒలింపిక్స్‌లో క్రిస్ బోర్డ్‌మన్ లోటస్ కార్ల కంపెనీ చేసిన వింత ఆకారపు కార్బన్ సైకిలు మీద బంగారు పతకం కొట్టాడు. అదే బోర్డ్‌మన్ పేరుతో 2007లో సైకిళ్లు వచ్చాయి. ఎక్కడ అమ్మారనుకున్నారు? బ్రిటన్‌లో కారు బ్యాటరీలు, వైపర్లు అమ్మే హాఫర్డ్స్ దుకాణాల్లో! పాలూ గుడ్లూ అమ్మే అమెరికా వాల్‌మార్ట్ కూడా 2019లో వయాథాన్ అనే పేరుతో కార్బన్ సైకిళ్లు తెచ్చింది. మన దగ్గర హెర్క్యులస్‌లు చేసే మద్రాసు టీఐ సైకిల్స్ 2011లో మోంట్రా పేరుతో కార్బన్ ఫ్రేముల్లోకి దిగింది. కాబట్టి అన్నీ అమ్మేవాడి దగ్గర మంచి సైకిలు దొరకదని నేనను. దొరుకుతుంది. హాఫర్డ్స్‌లో అయితే అదే కప్పు కింద పానాలు పట్టుకున్న మెకానిక్కు కూడా ఉంటాడు. మావాడు కొన్నచోట ఉన్నది ‘కార్ట్‌లో వేయండి’ అనే బటను మాత్రమే.

సరుకు సంగతి చూద్దాం. వెబ్‌సైట్లో ఎనిమిది కిలోలన్నారు. మిరపకాయల కాటా మీద పెడితే తొమ్మిది కిలోల రెండొందలు తూగింది. ఇందులో మోసమేమీ లేదట, సైకిలు బరువు పెడళ్లు లేకుండా చెప్పడం ఈ వ్యాపారంలో ఆనవాయితీ! (ధర మాత్రం అన్నీ కలిపే చెబుతారు లెండి.) అయినా పెడళ్లు కిలో రెండొందలు ఉంటాయా? ‘షిమానో గేర్లు’ అని పెద్దక్షరాల్లో రాశారు. విప్పి చూస్తే వెనక గేరు మార్చే ఒక్క ముక్క మీదే ఆ పేరుంది. బ్రేకులు, క్రాంకు, చక్రాలు అనామకాలు. షిమానోలో చాలాకాలంగా కింది నుంచి పైకి క్లారిస్, సోరా, టియాగ్రా, 105 అని మెట్లున్నాయి. ఏ మెట్టో చెప్పకుండా ఇంటిపేరు మాత్రమే చెప్పారంటే సాధారణంగా అది కింది మెట్టే. ఎనభై వేలలో కార్బన్ ఫ్రేము ఇవ్వాలంటే ఎక్కడో ఒకచోట కోయాలి కదా. కనపడనిచోట కోస్తారు. అదే డబ్బుకు మంచి అల్యూమినియం ఫ్రేము, ముందు ఫోర్కు మాత్రం కార్బన్‌ది, నమ్మకమైన బ్రేకులు ఉన్న సైకిలు వస్తుంది. నన్నడిగితే అదే కొనమంటాను. తమ్ముడు నన్ను అడగలేదు.

మోటారు వాహనాల్లా సైకిలుకు రిజిస్ట్రేషను లేదు, ఇన్సూరెన్సు కట్టమనేవాళ్లూ లేరు. పన్ను కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాస్తా 5కి దిగింది. అంటే కొనడానికి అడ్డేమీ లేదు. అసలు తంటా కొన్నాక మొదలవుతుంది.

పెట్టెలో సైకిలు ముప్పాతిక భాగం బిగించే వస్తుంది. మిగిలినవి నాలుగే... ముందు చక్రం, హ్యాండిలు, పెడళ్లు, సీటు గొట్టం. ఇందులో పెద్ద విద్యేముందని మావాడే కూర్చున్నాడు. రెండో రోజు నుంచి సీటు కిందికి జారడం మొదలైంది. పొద్దున్నే వలపర్ల వైపు వెళ్లి వచ్చేసరికి రెండంగుళాలు దిగేది. ఇంటికొచ్చి మళ్లీ బిగించేవాడు. మళ్లీ దిగేది. ఇంకాస్త బిగించేవాడు. నాలుగో రోజు ‘టిక్’ మని చిన్న చప్పుడు వినపడిందట. పట్టించుకోలేదు.

ఆ సైకిలు మీదే హైవే ఎక్కాడు. మా ఊరి హైవే సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. చెన్నై, కలకత్తా బండ్లన్నీ దాని మీదే పోవాలి. గ్రానైటు దిమ్మెలు ఎక్కించుకున్న ట్రయిలరు పక్క నుంచి పోతే గాలికి సైకిలు అడుగు దూరం ఊగుతుంది. బొల్లాపల్లి టోల్‌గేటు దాటేదాకా వెళ్లి వచ్చేవాడు. సీటు కింద గొట్టం విరిగి ఉంటే ఏమయ్యేదో రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు.

విరగలేదు. పల్లేరుకాయ కాపాడింది! చేల గట్ల మీద పాకుతుందే, ఆ పల్లేరు కాయే. అమెరికాలో సైకిలు తొక్కేవాళ్లకూ అదే శత్రువు. అక్కడ దాన్ని మేకతల అంటారు, ఐడహో రాష్ట్రంలోని బోయిసీ పట్టణంలో 2018 నుంచి దాని పేరుతో ఏకంగా సైకిళ్ల పండగే చేస్తున్నారు. మా వాడి టైరులో అది దిగింది. పంక్చరుకని సైకిలును నడిపించుకుంటూ బస్టాండు దగ్గర షాపుకు తెచ్చాడు.

ఆ షాపాయన్ని మేం మామ అంటాం. చుట్టరికం లేదు. మా నాన్న 1985లో పెళ్లికి అత్తారిచ్చిన హెర్క్యులస్‌కు ఫోర్కు విరిగితే గ్యాసు వెల్డింగు పెట్టి నిలబెట్టింది ఆయనే. ఆ సైకిలు ఇప్పటికీ మా పశువులపాక గోడకు ఆనుకుని ఉంది. మామ కొత్త సైకిలును చుట్టూ తిరిగి చూశాడు. గాలి కొడదామని పంపు మూతి పెడితే పట్టలేదు.

‘ఇదేంది అల్లుడూ, వాల్వు ఇంత సన్నంగా ఉందే?’

దాన్ని ప్రెస్టా వాల్వు అంటారు. మామూలు పంపుకు కుదరాలంటే మధ్యలో చిన్న ఇత్తడి ముక్క పెట్టాలి. ఆ ముక్క పెట్టెలో ఇవ్వలేదు. ఆ ముక్క కోసం మూడు రోజులు ఆగాల్సొచ్చింది. ఈలోపు మామ ఊరుకోలేదు. చక్రం గాల్లో తిప్పి, రెండు పుల్లలు వదులని కనిపెట్టి సరిచేశాడు. సీటు ఎందుకు జారుతోందని గొట్టం బయటికి లాగాడు. చీకట్లోంచి వెలుతుర్లోకి పట్టుకుని చూసి, జేబులోంచి రూపాయి బిళ్ల తీసి గొట్టం పొడవునా కొట్టుకుంటూ వచ్చాడు. టక్... టక్... టక్... పట్టీ బిగించినచోటికి వచ్చేసరికి ‘డబ్’ మంది.

‘ఇది పోయింది అల్లుడూ. లోపల పగిలింది.’

ఆయన జీవితంలో కార్బన్ ముట్టుకోవడం అదే మొదలు. కుండ కొనేటప్పుడు చూడమా అన్నాడు. బిళ్లతో తట్టి చూడటం కార్బన్ మరమ్మతు చేసేవాళ్లు కూడా చేసే పనేనని తర్వాత తెలుసుకుని నేను నోరు తెరిచాను. అలాగని బిళ్ల పరీక్ష పాసైతే అంతా క్షేమమనీ కాదు. అనుమానం చెప్పగలదంతే, భరోసా ఇవ్వలేదు.

తప్పెక్కడ జరిగింది? కార్బన్ గొట్టం జారకుండా ఇసుకలా గరగరలాడే ఓ ప్రత్యేకమైన పేస్టు రాయాలి. అప్పుడు తక్కువ బిగింపుతోనే ఆగుతుంది. ఆ పేస్టూ పెట్టెలో లేదు. ఇక బిగింపు ఎంతో పట్టీ మీదే చిన్నక్షరాల్లో చెక్కి ఉంది, 5 న్యూటన్ మీటర్లని. ఆ లెక్కన బిగించడానికి టార్కు రెంచి కావాలి. మార్టూరులో ఏ సైకిలు షాపులో ఉంటుంది? ‘ఐదంటే ఎంత?’ అన్నాడు మామ. పది సెంటీమీటర్ల పొడవున్న ఎలన్ కీ చివర ఐదు కిలోలు వేలాడదీస్తే ఎంత బలమో అంత, అని తమ్ముడు ఫోన్లో లెక్కేసి చెప్పాడు. మామ లేచి పక్క కొట్లోకి వెళ్లి కొక్కెం కాటా తెచ్చాడు. పత్తి బస్తాలకు వాడే పెద్దది కాదు, కూరగాయలు తూచే చిన్న స్ప్రింగు కాటా. కొక్కేన్ని ఎలన్ కీ చివరకు తగిలించి, నిటారుగా పట్టుకుని ముల్లు ఐదు మీదకు వచ్చేదాకా లాగాడు. ‘ఇంతేనా? దీనికి బొటనవేలు చాలు గదయ్యా!’ అన్నాడు. మావాడు అంతకు ముందు రోజు కాలు తన్నిపెట్టి బిగించాడు మరి.

అదృష్టం ఏంటంటే, ఆ ఫ్రేములో సీటు గొట్టం గుండ్రటిది, 27.2 మిల్లీమీటర్లది. ఏ కంపెనీ గొట్టమైనా పడుతుంది. విజయవాడ నుంచి అల్యూమినియంది తెప్పించుకుంటే వెయ్యి లోపు అయింది. ఖరీదైన సైకిళ్లలో గాలికి అడ్డం రాకుండా గొట్టాన్ని చేప ఆకారంలో చేస్తారు. అది విరిగితే ఆ కంపెనీదే కావాలి, వాళ్ల దగ్గర లేకపోతే సైకిలు మూలకే. ఈ ఒక్క విషయంలో చౌక సైకిలే నయం. అల్యూమినియం గొట్టాన్ని మాత్రం మూణ్నెల్లకోసారి బయటికి తీసి తుడిచి పెట్టమన్నారు. చెమట ఉప్పు దిగితే కార్బన్‌కూ అల్యూమినియానికీ పడదు, అతుక్కుపోతుందట.

సీటు ఎత్తు కూడా మామే సరిచేశాడు. వెబ్‌సైట్లో సైజు గురించి ఉన్నది ఒకే వాక్యం, ‘ఐదడుగుల ఐదు నుంచి ఆరడుగుల రెండు వరకు’. తొమ్మిదంగుళాల తేడా ఉన్న మనుషులకు ఒకే చొక్కా కుడతారా? మావాడు ఐదడుగుల ఆరు. పది కిలోమీటర్లు తొక్కేసరికి అరచేతులు తిమ్మిరెక్కేవి. లెమాండ్ పేరుతో ఓ లెక్క ఉంది... పుస్తకాన్ని కాళ్ల మధ్య పైకంటా ఆనించి నేల నుంచి అక్కడిదాకా కొలిచి, 0.883తో గుణిస్తే క్రాంకు ఇరుసు నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు వస్తుంది. మావాడికి 78 సెంటీమీటర్లు, అంటే దగ్గర దగ్గర 69. మామ లెక్క వేరు. మోచెయ్యి సీటు మొనకు ఆనించి చాచమన్నాడు. వేళ్ల చివరలు హ్యాండిలుకు జానెడు దూరంలో ఆగిపోయాయి. ‘ఇది నీది కాదు అల్లుడూ, నీ అన్నది’ అన్నాడు. అన్నని నేనే. నాకూ పెద్దదే అది.

ఇక అమ్మినవాళ్ల సంగతి. ఫొటోలు పెట్టమన్నారు, పెట్టాడు. వీడియో పెట్టమన్నారు, పెట్టాడు. వాపసు గడువు ఏడు రోజులు, అది దాటిపోయిందన్నారు. ‘నిపుణుడైన మెకానిక్కు బిగించకపోతే వారంటీ వర్తించదు’ అని షరతుల్లో ఉందన్నారు. ఆ నిపుణుణ్ని మీరు పంపుతారా అంటే, మీ పిన్‌కోడ్‌కు ఆ సేవ లేదన్నారు. ఈ మాట మీద నాకు ఒళ్లు మండింది. సేవ లేని ఊరికి పెట్టె మాత్రం ఎట్లా వచ్చింది?

అందుకని 1915కు, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాం. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. తేల్చకపోతే 2019 చట్టం కింద మనం కాపురమున్న జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. కంపెనీ ఆఫీసు ఏ ఢిల్లీలో ఉన్నా మనం అక్కడికి పోనక్కర్లేదు. కొన్న ధర 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. బిల్లు, ఆర్డరు కాగితం, పెట్టె విప్పేటప్పుడు తీసిన వీడియో ఉంటే మంచిది. మావాడు విప్పేటప్పుడు వీడియో తీయలేదు, సెల్ఫీ తీసుకున్నాడు.

ఆ బిల్లు ప్రింటు తీసి టేబుల్ మీద పెడితే... అప్పుడు చూశాడు మా నాన్న. కళ్లజోడు పెట్టుకుని సున్నాలు రెండుసార్లు లెక్కపెట్టాడు. అరుస్తాడనుకున్నాం. అరవలేదు. పాకలోకెళ్లి హెర్క్యులస్ మీద దుమ్ము దులుపుతూ చాలాసేపు అక్కడే ఉన్నాడు. రాత్రి అన్నాల దగ్గర ఒకే ఒక్క మాటన్నాడు, ‘దాన్నేసుకుని హైవే ఎక్కమాక’.

నెల గడువులో పదహారో రోజున కంపెనీ నుంచి కబురొచ్చింది. గొట్టం ఖరీదు ఇస్తాం, సైకిలు వెనక్కి తీసుకోం అని. గొట్టం సంగతి సరే, సైజు సంగతేంటని తమ్ముడు మళ్లీ రాశాడు. దానికి జవాబు రావాలి. ఈలోపు పొట్టి స్టెమ్ ఒకటి కొని హ్యాండిలును మూడు సెంటీమీటర్లు దగ్గరకు లాక్కున్నాడు. తిమ్మిరి తగ్గిందంటున్నాడు. హైవే మానేసి ఇప్పుడు ద్రోణాదుల రోడ్డున తొక్కుతున్నాడు. మిరప కల్లాల పక్కన ఊపిరి బిగబట్టి పోవాలట, లేకపోతే తుమ్ములే తుమ్ములు.

మొన్న ఊరెళ్లినప్పుడు బస్టాండు దగ్గర ఆగాను. మామ షాపులో ట్యూబుల పక్కన మేకుకు తీగ కట్టి ఐదారు ఇత్తడి ముక్కలు వేలాడుతున్నాయి. ప్రెస్టా వాల్వువి. ఒక్కోటి ఇరవై రూపాయలట. ‘ఊరంతటికీ ఉన్నది ఒకటే సైకిలు, ఇన్నెందుకు మామా?’ అన్నాను.

‘పెట్టెలొస్తన్నయ్యి గదా అల్లుడూ’ అన్నాడు, పంక్చరు ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు చూసుకుంటూ.